న్యాయనిర్ణేతలు లేని రెండో రాత్రి

నిరుడు మే నెలలో మా ఊరి ఆరుబయలు రంగస్థలం మీద ఒకే నాటికను వరసగా రెండు రాత్రులు చూశాను. నటులు వాళ్లే, సంభాషణలు అవే, సెట్టింగులో పాత కుట్టుమిషను కూడా అదే. మొదటి రాత్రి మేం జరిపింది పోటీ. రెండో రాత్రి జరిగింది నాటకం. పదిహేనేళ్లుగా పరిషత్తు కమిటీలో ఉన్నాను. కుర్చీలు సర్దడం దగ్గర్నుంచి షీల్డుల మీద అక్షరదోషాలు దిద్దించడం దాకా అన్ని పనులూ చేశాను. అయినా ఈ రెంటికీ ఉన్న తేడా నాకు అప్పటిదాకా పట్టుబడలేదు.

ఈ వేసవి ఏర్పాట్ల కోసం కమిటీ త్వరలో కూర్చుంటుంది. అక్కడ నేను ఒకే మాట అడగబోతున్నాను. పోటీలు ఆపేద్దాం. అదే వేదిక మీద, అదే చందాలతో మే నెలంతా ఒక సీజను నడుపుదాం. వారానికి ఒక నాటకం. శుక్రవారం, శనివారం, ఆదివారం మూడు రాత్రులూ అదే ఆడాలి. గురువారం సాయంత్రం సంగీతం. దేనికైనా టికెట్టు ఉండాలి. ఇందులో ప్రతి మాటకూ కమిటీలో అభ్యంతరం వస్తుందని తెలుసు. అందుకే ముందుగా ఇక్కడ రాసి పెడుతున్నాను.

పరిషత్తు ఎలా జరుగుతుందో చూడనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఉగాది దాటిన దగ్గర్నుంచి తొలకరి పడేదాకా కోస్తా ఊళ్లలో నాటక పరిషత్తులు ఒకదాని వెనక ఒకటి జరుగుతూనే ఉంటాయి. కళ్లాలు ఖాళీ అయి ఉంటాయి, బడులకు సెలవులు, శ్రీరామనవమి పందిళ్లతో మొదలైన ఊపు ఇంకా తగ్గదు. మా దగ్గర నాలుగు రోజులు. పొద్దు గుంకాక జ్యోతి ప్రజ్వలన, అతిథుల ఉపన్యాసాలు, ఒకరిద్దరికి శాలువాలు. ఆ తర్వాత రాత్రికి మూడు నాటికలు, ఒక్కోటి గంట. ముందు వరసలో ఒక బల్ల, బల్ల మీద చిన్న లైటు, ముగ్గురు న్యాయనిర్ణేతలు. నాటక సమాజాలు వ్యానులో సెట్టింగు వేసుకొచ్చి, ఆడి, అదే రాత్రి సామాను ఎక్కించుకుని ఇంకో ఊరికి వెళ్లిపోతాయి. ఆఖరి రోజు ఉత్తమ ప్రదర్శన మొదలు ఉత్తమ ఆహార్యం దాకా బహుమతులు.

ఈ పద్ధతిని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినప్పటి నుంచి తెలుగు నాటకానికి కొత్త రచయితలు, దర్శకులు, నటులు చాలామంది ఈ పోటీల దారిలోనే వచ్చారు. సినిమా ఊరూరా హాలు కట్టుకుని కూర్చున్న రోజుల్లో, టీవీ ఇంట్లోకొచ్చిన రోజుల్లో, నాటకానికి ఏడాదికి ఒక్కసారైనా వేదిక దొరికిందంటే పరిషత్తుల వల్లే. బ్యాంకులో పనిచేసే మనిషి, ఆర్టీసీలో కండక్టరు, బడిపంతులు ఉద్యోగం ముగించుకుని రాత్రి పదింటిదాకా రిహార్సలు చేయడానికి ఆ షీల్డు ఒక కారణం. అది నాకు తెలుసు. కానీ షీల్డు ఎవరికి రావాలో తేల్చడం కోసం ఊరు నాటకం చూడటం మానేసింది. అదీ నాకు తెలుసు.

ఆ రెండు రాత్రుల సంగతి చెబుతాను.

నాటిక ఒక దర్జీ గురించి. కళ్లు మసకబారాయి, రెడీమేడ్ దుకాణాలొచ్చాక గిరాకీ పోయింది, కొడుకు మిషను అమ్మేయమంటున్నాడు. సూదిలోకి దారం భార్యే ఎక్కించి ఇస్తుంది. పోటీ రాత్రి అది మూడో నాటిక. సన్మానాలు సాగి సాగి, మొదటి నాటికే ఎనిమిదిన్నరకు మొదలైంది. దీనికి తెర లేచేసరికి పదకొండూ నలభై. ముందు వరసలో న్యాయనిర్ణేతలు, రెండో వరసలో మేము, వెనకాల ఇతర సమాజాలవాళ్లు, ఇంకా వెనక పట్టుమని ముప్ఫైమంది. నటీనటులు బాగా చేశారు. గంట లోపే ముగించారు. ద్వితీయ బహుమతి వచ్చింది.

అది ఆఖరి రాత్రి. బహుమతులిచ్చాక ఆ సమాజం దర్శకుడు నా దగ్గరికొచ్చాడు. "ఏవండీ, మా రేపటి ప్రోగ్రాం గాలివానకు పోయిందట. స్టేజీ మీది రేకులు లేచిపోయాయంట. మీకు అభ్యంతరం లేకపోతే రేపు ఇక్కడే ఇంకోసారి ఆడుకుంటాం, మాకేం ఇవ్వొద్దు," అన్నాడు. టెంట్ హౌస్ వాళ్లు కుర్చీలు ఎల్లుండిగానీ పట్టుకెళ్లరు. సరేనన్నాం. పొద్దున్నే ఆటోకి మైకు కట్టించి నాలుగు వీధులూ తిప్పించాం.

సాయంత్రం ఏడున్నరకే తెర తీశాం. జ్యోతీ లేదు, శాలువా లేదు. మూడో గంట కొట్టారు, లైట్లు ఆరాయి, అంతే. నేను లెక్కపెట్టలేదు గానీ కుర్చీలు నిండి, ఆడవాళ్లు చాపలు తెచ్చుకుని ముందు నేల మీద కూర్చున్నారు. ముందురోజు చూసినవాళ్లు కొందరు ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు.

మొదటి రాత్రి ఆ దర్జీ భార్య సూదినీ దారాన్నీ దగ్గరికి తెచ్చి, ఎక్కించినట్టు చెయ్యి లాగి, భర్తకిచ్చేసింది. రెండు క్షణాల పని. ఎవరమూ పట్టించుకోలేదు. రెండో రాత్రి ఆమె దారం కొసను నోటితో తడిపింది. సూదిని లైటుకేసి ఎత్తింది. గురి తప్పింది. కొస మళ్లీ తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, సన్నం చేసి పెట్టింది. మళ్లీ తప్పింది. భర్త వేషం కట్టినాయన చేతులు ఒళ్లో పెట్టుకుని ఆమె వేళ్లవైపు చూస్తూ ఉండిపోయాడు. మాట లేదు. వెనక సంగీతం లేదు. వేదిక పక్కన రావిచెట్టు ఆకులు కదులుతున్న చప్పుడు వినబడుతోంది. మూడోసారి దారం ఎక్కింది. నా వెనక నుంచి ఒక పెద్దావిడ, "ఎక్కిందమ్మా," అంది. ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు. నాటకంలోని మనిషితోనే అంది. దానికి ఎవరూ నవ్వలేదు కూడా.

ముగిశాక గ్రీన్ రూముకి వెళ్లాను. రేకుల షెడ్డు, ఒక టేబుల్ ఫ్యాను. ఆమె కొబ్బరినూనెతో మేకప్పు తుడుచుకుంటోంది. ఆ నాలుగు రోజుల్లో ఆమె మూడు సమాజాల్లో మూడు వేషాలు కట్టింది. ఒక రాత్రయితే మొదటి నాటికలో పెళ్లికూతురి తల్లి, రెండోదానిలో పోలీసు. మధ్యలో సెట్టింగు మార్చే ఇరవై నిమిషాల్లోనే చీరా మారాలి, జుట్టూ మారాలి. పరిషత్తుల్లో నటీమణులు కొద్దిమందే, సమాజాలు చాలా.

"ఆ దారం సంగతి నిన్నెందుకు చెయ్యలేదమ్మా?" అని అడిగాను.

"రిహార్సల్లో రోజూ ఎక్కించేదాన్నే అన్నయ్యగారూ. పోటీలో భయం. ఒక్కోసారి ఎక్కదు కదా. అర నిమిషం పోయిందంటే ఆఖర్న ఆయన డైలాగు మింగాల్సొస్తుంది," అంది.

ఆ రాత్రి నాటిక అరవై ఎనిమిది నిమిషాలు సాగింది. మా నిబంధనల కాగితంలో అరవై దాటితే మార్కులు కోస్తామని ఉంది. ఆ నిబంధన కమిటీలో రాసింది నేనే.

అప్పటి నుంచి నాకు పరిషత్తు నాటికలు ఇంకోలా కనబడుతున్నాయి. సంభాషణ బరువెక్కగానే నటుడి చూపు ముందు వరసలోని ఆ చిన్న లైటు మీదికి పోతుంది. రచయిత ఆఖరి ఐదు నిమిషాల్లో సందేశం మొత్తం ఒక పాత్ర నోట్లో పెట్టి గొంతెత్తి చెప్పిస్తాడు, ఎందుకంటే మార్కుల కాగితంలో ఇతివృత్తానికి ఒక గడి ఉంది. సెట్టింగుకి మార్కులున్నాయి కాబట్టి ఇల్లంటే గోడలు, కిటికీలు, తలుపు అన్నీ మోసుకురావాలి. మౌనానికి మాత్రం గడి లేదు. పైగా మాలాంటి పరిషత్తులు ప్రతి ఏడూ కొత్త నాటికే కావాలంటాయి. దాంతో నటుడికి పాత్ర ఒంటికి పట్టే వేళకు ఆ నాటిక అటకెక్కుతుంది.

పాత్ర పండాలంటే ఎన్ని రాత్రులు పడుతుందో మన నాటకరంగానికి తెలియని సంగతి కాదు. తెనాలి రామవిలాస సభ నటుడు స్థానం నరసింహారావు సత్యభామ వేషం ఏళ్ల తరబడి కట్టారు. 1956లో పద్మశ్రీ అందుకునే నాటికి జనం ఆయన పేరూ ఆ వేషమూ కలిపే చెప్పుకునేవారు. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడంటే ఇప్పటికీ మా పెద్దవాళ్లు లేచి కూర్చుంటారు. ఆ కృష్ణుడు ఒక పోటీలో పుట్టలేదు. ఆ ఊళ్లో నిన్న రాయబారం, ఈ ఊళ్లో ఇవాళ రాయబారం, ఎల్లుండి ఇంకో ఊళ్లో మళ్లీ రాయబారం, అలా తయారయ్యాడు.

సీజను అనే ఆలోచన కూడా మనకు కొత్త కాదు. ధార్వాడ నుంచి వచ్చిన నాటక సమాజం రాజమండ్రిలో మకాం వేసి ఆడిన ఆటలు చూశాకే, 1880లో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకం వేయించారు. ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 16నే ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకుంటున్నాం. 1885లో కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సమాజమైతే సీజనుకు అసలైన ఉదాహరణ. సురభివాళ్లు ఊరికొచ్చారంటే నెలల తరబడి ఉండేవారు. డేరా వేసి, తెరలు కట్టి, రోజుకొక నాటకం చొప్పున ఆడి, మొదటికొచ్చి మళ్లీ ఆడేవారు. నారదుడు మబ్బు మీంచి దిగడం, గాలిలో బాణాలు ఢీకొని నిప్పులు రాలడం చూడటానికి జనం ఈ రాత్రి వచ్చినవాళ్లే రేపూ వచ్చేవారు. టికెట్టు కొనుక్కుని వచ్చేవారు. నేల, బెంచీ, కుర్చీ, ఎవరి తాహతుకు తగ్గ టికెట్టు వాళ్లది.

ఉచితం అనే మాట నాటకానికి ఎప్పుడు అంటుకుందో గానీ, ఆ మర్యాద నాటకానికి చేటు చేసింది. డబ్బు పెట్టనివాడికి సమయం పట్టింపు ఉండదు. వాడు తొమ్మిదింటికి వస్తాడు, ఫోనొస్తే లేచి వెళతాడు. వాణ్ని తప్పు పట్టలేం, ఎందుకంటే మేమే ఏడింటికని కార్డు వేసి ఎనిమిదిన్నరకు తెర తీస్తున్నాం. యాభై రూపాయలు తీసుకుంటే ఏడున్నరంటే ఏడున్నరకు తెర తీయక తప్పదు. టికెట్టు ప్రేక్షకుడి కంటే ముందు మమ్మల్ని దారిలో పెడుతుంది. పిల్లలకు మాత్రం వద్దు. ముందు నేల మీద చాపలు పరుద్దాం, బడి పిల్లలంతా ఉచితంగా కూర్చోవాలి. మే నెలంతా వాళ్లకు సెలవులే. వేసవంతా ఫోను చూస్తున్నారని తిడుతున్నాం గదా, చూడటానికి ఇంకొకటి ఇవ్వాలి.

ఇక సంగీతం. దీని గురించి నాకు ఇంకా గట్టి పట్టుదల ఉంది.

తెలుగువాళ్లు నాటకాన్నీ సంగీతాన్నీ రెండు సంచుల్లో పెట్టింది ఈమధ్యే. పరిషత్తు నాటికలో సంగీతమంటే ఇప్పుడు లాప్‌టాప్‌లోంచి వచ్చే వాయిద్యాల హోరు. ఏడుపు సీనుకు వయొలిన్, కోపానికి డప్పు. కానీ పద్యనాటకాన్ని జనం చూడటానికి వెళ్లేవారు కాదు, వినడానికి వెళ్లేవారు. మా తాతయ్య తరం పద్యమంటే చెవి కోసుకునేది. పేరున్న నటులను కంట్రాక్టరు రాత్రికింతని కుదిర్చి ఆడించే కంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఇద్దరు పేరున్న నటులుండేవారు. పద్యం చివర రాగం ఎవరు ఎంతసేపు తీశారో మర్నాడు అరుగుల మీద తగువులు నడిచేవి. వన్స్‌మోర్ అని అరుపులొచ్చేవి. చచ్చి పడిపోయిన పాత్ర కూడా లేచి మళ్లీ పద్యం పాడాల్సొచ్చేదని చెప్పుకుంటారు. నాటకం ఆగిపోయిందని ఎవరూ అనుకునేవారు కాదు, ఎందుకంటే ఆ క్షణంలో పద్యమే నాటకం.

హరికథ సంగతి చూడండి. ఒక్క మనిషి, చేతిలో చిరతలు, కాళ్లకు గజ్జెలు. పాట, మాట, అభినయం, నృత్యం అన్నీ ఆయనే. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాలు. సంగీత కళాశాలను నడిపింది ఒక హరిదాసు. బుర్రకథలో తంబుర మీటే కథకుడు, గుమ్మెటలతో అటొకరు ఇటొకరు వంతలు, ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. బుర్రకథకుడు షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు అది సంగీతానికా నాటకానికా అని అడిగితే ఏం చెబుతాం?

మా ఊళ్లో ఒక హార్మోనియం మాస్టారున్నారు. డెబ్బై దాటాయి. పద్యనాటకానికి ఆయన వాయించడం వింగు పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది. నటుడు పద్యం ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకుంటాడు కదా, ఆ ఊపిరి చూసి మాస్టారు హార్మోనియం బెల్లోస్ ఒక్కసారి నొక్కి శ్రుతి అందిస్తారు. ప్రేక్షకులకు అది వినబడదు, నటుడికి మాత్రం కాలి కింద నేలలా ఉంటుంది. గొంతు తారస్థాయికి వెళ్లేటప్పుడు ఈయన వేళ్లు వెనక్కి తగ్గుతాయి. గొంతు అలసి జారుతుంటే ముందుకొచ్చి పట్టుకుంటాయి. తబలా ఆయనది ఇంకో బాధ. మా దగ్గర మే నెల సాయంత్రం ఉక్కపోతకు చర్మం చెమ్మగిల్లి శ్రుతి దిగుతుంది. పద్యానికీ పద్యానికీ మధ్య సుత్తితో అంచు మీద తట్టుకుంటూనే ఉంటాడు. నటుడి గమ్ము మీసం కూడా చెమటకు లేస్తుంది. పక్కకు తిరిగి వేలితో అదుముకుని, మళ్లీ జనంవైపు తిరిగి రాగం అందుకుంటాడు. వేసవిలో ఆరుబయట నాటకమంటే ఇదంతా ఉంటుంది. ఏసీ హాలు కట్టేదాకా ఆగుదామనేవాళ్లకు నా జవాబు ఇదే. రావిచెట్టు కింద వినబడిన నిశ్శబ్దం హాల్లో దొరకదు.

మూడేళ్ల కిందట మా పరిషత్తులోనే పద్యాల పోటీ పెట్టాం. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. పక్క ఊరి నుంచి ఒక రైతు వచ్చి మాస్టారి హార్మోనియంతో అర్జునుడి పద్యాలు పాడాడు. రెండో పద్యం ముగియగానే నేల మీదున్నవాళ్లు వన్స్‌మోర్ అన్నారు. అతను మాస్టారి వైపు చూశాడు, మాస్టారు తలూపి మళ్లీ శ్రుతి ఇచ్చారు. సరిగ్గా రాగం మధ్యలో ఉండగా మావాళ్లు గంట కొట్టారు. అతను ఆపి, దండం పెట్టి దిగిపోయాడు. మాస్టారు పెట్టె మూసేసి, తర్వాతివాళ్లకు వాయించను, ఇంకెవరినైనా చూసుకోండని వెళ్లిపోయారు. ఆయనకు కోపమొచ్చిందని మేం నొచ్చుకున్నాం. ఇప్పుడైతే ఆయన పక్షానే నిలబడతాను.

అభ్యంతరాల్లో నాకు నిజంగా బరువుగా తోచేవి రెండు. ఒకటి, దాతలు. వాళ్ల నాన్నగారి పేరు మీద షీల్డు ఇస్తున్న పెద్దమనిషి, ఈ ఏడు షీల్డు లేదంటే ఏమంటాడు? ఆయన నాన్నగారి పేరు మీద ఒక రాత్రి ఇవ్వమందాం. ఆ రాత్రి టికెట్టు మీద ఆ పేరు అచ్చు వేద్దాం. షీల్డు ఎవరింట్లోనో అల్మరాలో ఉంటుంది. ఆ రాత్రి చూసినవాళ్లు మాత్రం ఆ పేరు తలుచుకుంటారు. రెండోది, సమాజాలవాళ్ల ఉద్యోగాలు. మూడు రాత్రులు ఒకే ఊళ్లో ఉండాలంటే సెలవు ఎక్కణ్నుంచి తేవాలి? అందుకే శుక్ర, శని, ఆదివారాలంటున్నాను. ఉండటానికి సెలవుల్లో ఖాళీగా ఉన్న బడి గదులున్నాయి, అడిగితే ఇస్తారు. పోటీకి పన్నెండు సమాజాలకు పంచే దారి ఖర్చులను నాలుగు సమాజాలకు ఇస్తే, ఇప్పటిలా చేతి డబ్బు వేసుకుని ఆడే అవస్థ వాళ్లకు తప్పుతుంది. మిగతా ఎనిమిది సమాజాలకు అన్యాయం కాదా అంటే, అవును, కొంత నష్టమే. పక్క ఊళ్లు కూడా ఇలా చేస్తేనే అది తీరుతుంది. దానికి మా దగ్గర వేరే మందు లేదు.

గాలివాన వస్తే ఆ రాత్రి టికెట్టు మర్నాటికి చెల్లుతుంది. అంతకంటే దాని గురించి ఆలోచించేదేం లేదు.

జనం వస్తారా అన్నది అసలు ప్రశ్న. మొదటి శుక్రవారం రారు. అది ఒప్పుకునే మొదలుపెట్టాలి. శుక్రవారం వచ్చిన అరవైమంది శనివారం పొద్దున కూరగాయల బండి దగ్గర, టీ కొట్టు దగ్గర ఏం చెబుతారన్నదాని మీదే శనివారం ఆధారపడి ఉంటుంది. ఒక్క రాత్రితో వెళ్లిపోయే నాటికకు ఆ పొద్దుటి మాట ఉపయోగపడదు. ఎంత బాగుందని చెప్పినా వినేవాడికి చూసే దారి లేదు. నిరుడు ఆ రెండో రాత్రి నిండింది ఆ మాటతోనే. ఆటో మైకు కంటే ముందు ఆ పెద్దావిడలాంటివాళ్లు నాలుగిళ్లలో చెప్పొచ్చారు.

కమిటీ ఒప్పుకుంటుందో లేదో తెలియకుండానే నేను ఇద్దరితో మాట్లాడాను. దర్జీ నాటిక సమాజంవాళ్లు మే మొదటి వారాంతం ఉంచుకుంటామన్నారు. తర్వాత మాస్టారి ఇంటికెళ్లాను. పెట్టె కిటికీ పక్కన గుడ్డ కప్పి ఉంది. గురువారాలు పద్యాలకు మీరే కూర్చోవాలని అడిగాను. ఎవరు పాడతారో ఆయన అడగలేదు, ఎంతిస్తారో అడగలేదు.

"వన్స్‌మోర్ పడితే?" అన్నారు.

"ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు పాడించండి మాస్టారూ. గంట కొట్టేవాళ్లెవరూ ఉండరు," అన్నాను.

ఆయన లేచి పెట్టె మీది గుడ్డ తీశారు.